ఖండాలు దాటిన లారీలు

పిల్లలూ! ఈసారి రోడ్డు పక్కన లారీలు ఆగి ఉంటే వాటి ముఖాలు ఓసారి పరకాయించి చూడండి. కొన్నింటికి ముక్కు ఉంటుంది. అంటే ఇంజను ముందుకు చొచ్చుకొని వచ్చి, దాని మీద బానెట్ మూత, ఆ వెనకాల డ్రైవరు కూర్చునే క్యాబిన్ ఉంటాయి. మరికొన్నింటికి ముక్కే ఉండదు. ముఖం గోడలా చదునుగా ఉంటుంది. మరి ఇంజను ఏమయింది? డ్రైవరు సీటు కిందికి దూరింది! ఎందుకలా దూరవలసి వచ్చిందో తెలియాలంటే మనం యూరప్ దాకా వెళ్ళాలి.

మా ఊరు జాతీయ రహదారిని ఆనుకొని ఉండేది. 1970 దశకం చివర్లో నేను చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు బడి వదలగానే మా పని లారీలు లెక్కపెట్టడమే. కొన్ని పాత లారీల ముందు గుండ్రటి చట్రంలో మూడు కొమ్ముల నక్షత్రం ఉండేది. అచ్చం అలాంటివే అయిన కొత్త లారీల మీద నక్షత్రం బదులు ‘టి’ అనే ఇంగ్లీషు అక్షరం ఉండేది. బండి ఒకటే, బొట్టు మారిందేమిటని మాకు ఆశ్చర్యం. మా మాష్టారిని అడిగితే, “కంపెనీవాళ్ళ ఇష్టంరా, ఎక్కాలు చెప్పు” అన్నారు. జవాబు నాకు చాలా ఏళ్ళకు దొరికింది. 1954లో టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళ ఒప్పందం 1969లో ముగిసింది. అప్పటి నుంచి నక్షత్రం పోయి ‘టి’ వచ్చింది. అలాగే మద్రాసులో అశోక్ లేలాండ్ వారు ఇంగ్లండుకు చెందిన లేలాండ్ సంస్థతో కలిసి ‘కామెట్’ లారీని చేశారు. కాబట్టి మన రోడ్ల మీద ఉల్లిపాయలూ సిమెంటూ మోసిన ఆ లారీల మేనమామలంతా యూరప్‌లోనే ఉన్నారన్నమాట.

నాలుగు గుర్రాల బలం

ప్రపంచంలో మొదటి మోటారు లారీని 1896లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ తయారుచేశాడు. చూడడానికి అది గుర్రాన్ని విప్పేసిన బండిలాగే ఉండేది. ఇనప పట్టాలు తొడిగిన చక్రాలు, వెనక భాగంలో రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజను, శక్తిని చక్రాలకు అందించడానికి తోలు బెల్టు. దాని సామర్థ్యం 4 అశ్వశక్తులు. అంటే ఈనాటి మామూలు స్కూటరుకున్నంత కూడా లేదు! అయినా అది 1500 కిలోల బరువు మోసింది. వేగం మాత్రం గంటకు 12 కిలోమీటర్లు దాటేది కాదు. కొత్త వస్తువును సొంత దేశంలో ఎవరూ నమ్మలేదు కాబోలు, ఆ మొదటి లారీని కొన్నది లండన్‌లోని ఒక కంపెనీ.

పెట్రోలు ఇంజనుతో ఒక చిక్కు ఉంది. బరువు పెరిగేకొద్దీ అది పెట్రోలును విపరీతంగా తాగుతుంది. దూరప్రయాణాలకు అది గిట్టుబాటు కాదు. దీనికి పరిష్కారం చూపినవాడు రుడాల్ఫ్ డీజిల్.

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం పట్టుకొని చూశారా? వేడిగా ఉంటుంది. గాలిని వేగంగా నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. మీకు తెలిసిన ఈ చిన్న సంగతే డీజిల్ ఇంజనుకు మూలం. సిలిండరులోని గాలిని ముషలకం, అదే పిస్టన్, సుమారు పదహారో వంతుకు లేదా ఇంకా తక్కువకు నొక్కివేస్తుంది. అప్పుడా గాలి ఉష్ణోగ్రత 500 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నూనెను సన్నటి తుంపరగా చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే భగ్గున మండుతుంది. 1897 ఫిబ్రవరి 17న ఆగ్స్‌బర్గ్ పట్టణంలో డీజిల్ ఇంజనును పరీక్షించారు. ఇంధనంలోని శక్తిలో 26 శాతం పనిగా మారినట్లు తేలింది. ఆ రోజుల్లో ఆవిరి యంత్రాల దక్షత పది శాతం అటూ ఇటూ ఉండేది. తేడా చూశారా!

అయితే ఆ ఇంజను మనిషి కన్నా ఎత్తు, టన్నులకొద్దీ బరువు. అందులోకి నూనెను చిమ్మడానికి గాలిని మరింత పీడనంతో నొక్కే వేరే యంత్రం కావలసి వచ్చేది. దాన్ని ఓడలో పెట్టవచ్చు, కర్మాగారంలో పెట్టవచ్చు గాని లారీలో ఎలా పెడతారు? తన ఇంజను లారీల్లో స్థిరపడడం డీజిల్ చూడనే లేదు. 1913లో ఇంగ్లండుకు ఓడలో వెళుతూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. కొన్ని రోజులకు సముద్రంలో శవం దొరికింది. అది ప్రమాదమో, ఆత్మహత్యో ఈనాటికీ తేలలేదు.

1923-24 సంవత్సరాల్లో బెంజ్, మాన్ అనే రెండు జర్మన్ సంస్థలు డీజిల్ లారీలను బయటికి తెచ్చాయి. 1927లో బాష్ సంస్థ నూనెను కొలత తప్పకుండా చిమ్మే పంపును పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. నా దృష్టిలో లారీ చరిత్రలో అసలు మలుపు ఈ పంపే. మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన నునుపు పట్టిన ఆ చిన్న గొట్టాలు లేకపోతే డీజిల్ గారి గొప్ప ఆలోచన ఓడల్లోనే ఉండిపోయేది.

చట్టం చెక్కిన ముఖం

యంత్రాల రూపం ఇంజనీర్లే నిర్ణయిస్తారని అనుకుంటాం. ఎప్పుడూ అలా జరగదు. ఇంగ్లండునే తీసుకోండి. అక్కడ 1930 దాకా బొగ్గుతో నడిచే ఆవిరి లారీలు చాలా ఉండేవి. ఫోడెన్ కుటుంబం వాటికి పేరుమోసింది. లారీల మీద వాటి సొంత బరువును బట్టి పన్ను పెంచుతూ 1933లో చట్టం వచ్చింది. బాయిలరు మోసే ఆవిరి లారీ సొంత బరువు ఎక్కువ కదా! దాంతో వాటి పని అయిపోయింది. భవిష్యత్తు డీజిల్‌దేనని నమ్మిన ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ సొంత కంపెనీ నుంచే బయటికి వచ్చి, 1933లోనే మొదటి ‘ఇ.ఆర్.ఎఫ్.’ డీజిల్ లారీని చేశాడు. ఆ పేరు ఆయన పేరులోని పొడి అక్షరాలే.

జర్మనీలో ఇంకా తమాషా జరిగింది. 1956లో సీబామ్ అనే రవాణా మంత్రి లారీలను అదుపు చేయాలని, రైళ్ళకు సరుకు దక్కాలని కొత్త నిబంధనలు తెచ్చాడు. ట్రైలరుతో కలిపి మొత్తం పొడవు 14 మీటర్లు, మొత్తం బరువు 24 టన్నులు మించరాదన్నాడు. లెక్క వేసి చూడండి. ముందు ముక్కు ఒకటిన్నర మీటరు తింటే అంతమేరా సరుకు తగ్గిపోతుంది. సరుకు తగ్గితే కిరాయి తగ్గుతుంది. అందుకని ముక్కు కోసేశారు! ఇంజను మీదే క్యాబిన్ పెట్టారు. ఒక్కొక్క ఇరుసు మీద పడే బరువుకు కూడా హద్దు ఉండడం వల్ల మెర్సిడెస్ వారు 1958లో ముందు వైపే రెండు ఇరుసులున్న లారీని తెచ్చారు. స్టీరింగు తిప్పితే ముందున్న నాలుగు చక్రాలూ కలిసి తిరిగేవి. జనం దానికి పెట్టిన పేరుకు అర్థం ‘వేయికాళ్ళది’. మన రోకలిబండ అన్నమాట. 1960లో నిబంధనలు సడలించారు. రోకలిబండ కథ 1961తో ముగిసింది గాని చదును ముఖం మాత్రం యూరప్ లారీలకు స్థిరపడిపోయింది.

ఇటలీ సంగతి వేరు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడి వైపున నడుస్తాయి. కాబట్టి స్టీరింగు ఎడమ వైపు ఉండాలి. కాని ఫియట్ 682 వంటి ఇటలీ లారీలకు చాలాకాలం స్టీరింగు కుడి వైపే ఉండేది. ఎందుకో చెప్పగలరా? ఆల్ప్స్ కొండల్లో ఇరుకైన ఘాట్ రోడ్ల మీద ఎదురుగా మరో లారీ వస్తే బండిని అంచుకు తీయాలి. కుడి వైపు కూర్చున్న డ్రైవరు తల బయటపెట్టి తన చక్రానికీ లోయకూ మధ్య ఎన్ని అంగుళాలుందో కళ్ళతో చూసుకోవచ్చు. అరకు ఘాటీలోనో, శ్రీశైలం ఘాటీలోనో బస్సు కిటికీ పక్కన కూర్చున్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

చలిదేశపు లారీలు

1960 తర్వాత ఈ కథలో పెద్దపాత్ర స్వీడన్‌ది. స్వీడన్‌లో దూరాలు ఎక్కువ, చలి ఎక్కువ, మోయవలసింది పెద్దపెద్ద దుంగలు. వోల్వో, స్కానియా లారీలు ఆ నేలకు తగ్గట్టు గట్టిగా తయారయ్యాయి.

ఇంజను పరిమాణం పెంచకుండా బలం పెంచడమెలా? ఎక్కువ నూనె మండాలంటే ఎక్కువ గాలి కావాలి. ఇంజను నుంచి బయటికి పోయే పొగలో ఇంకా బోలెడు శక్తి ఉంటుంది. ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకున్న మరో చక్రంతో గాలిని సిలిండర్లలోకి తోయవచ్చునని స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. దీన్నే టర్బో అంటాం. పొగ గొట్టంలోంచి వృథాగా పోయేదాన్ని పనిలో పెట్టడం! వోల్వో వారు 1954లో తమ టైటన్ లారీకి టర్బో పెట్టారు. 150 అశ్వశక్తుల ఇంజను 185 అశ్వశక్తులయింది. 1973లో హాలండుకు చెందిన డాఫ్ సంస్థ మరో అడుగు వేసింది. టర్బో నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కదా. ఆ గాలిని చల్లబరిచి పంపితే అదే చోటులో మరింత గాలి పడుతుంది. ఇవాళ పెద్ద లారీలన్నిటికీ ఈ ఏర్పాటు ఉంది. స్కానియా 1969లో ఎనిమిది సిలిండర్ల, 14 లీటర్ల ఇంజను తెచ్చింది. 350 అశ్వశక్తులు. అప్పటికి యూరప్ లారీ ఇంజన్లలో అంత బలమైనది లేదు.

అంత బలమున్నా గేర్లు ఎన్నో కావాలి. డీజిల్ ఇంజను బాగా లాగేది ఒక చిన్న వేగాల పరిధిలోనే. 1965లో వచ్చిన వోల్వో ఎఫ్88 లారీకి 8 గేర్లు. ఒక్కొక్క గేరునూ రెండుగా చీల్చే మీట ఉన్న రకంలో 16 గేర్లు. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్క గేరు తప్పినా బండి వెనక్కి జారుతుంది.

ఇక్కడ బలం కన్నా నాకు ముఖ్యమనిపించేది క్యాబిన్. స్వీడన్ ప్రభుత్వం 1960 ప్రాంతంలో క్యాబిన్లకు కఠినమైన పరీక్ష పెట్టింది. టన్ను బరువున్న లోలకాన్ని ఊపి క్యాబిన్ స్తంభానికి కొట్టేవారు, కప్పు మీద బరువు పెట్టి నొక్కేవారు. లోపల మనిషి నలగకూడదు! డాఫ్ వారు 1962లో తెచ్చిన 2600 లారీలో సీట్ల వెనక రెండు పడకలు పెట్టారు. అదే సమయంలో వోల్వో క్యాబిన్ మొత్తాన్ని ముందుకు వంచే ఏర్పాటు చేసింది. కింద ఉన్న ఇంజను మీద మెకానిక్ నిలబడి పనిచేసుకోవచ్చు. అప్పట్లో బ్రిటిష్ లారీల క్యాబిన్లు చాలావాటిలో పడక సంగతి అటుంచి, చలికి హీటరు కూడా సరిగా ఉండేది కాదు. ‘గార్డనర్’ ఇంజను తక్కువ నూనెతో లక్షల మైళ్ళు నడుస్తుందని గర్వంగా చెప్పుకొనేవారు. నిజమే. కాని 1967లో వోల్వో బ్రిటన్‌లో అమ్మకాలు మొదలుపెట్టాక డ్రైవర్లు ఓసారి ఆ సీటులో కూర్చొని మరి పాత లారీ ఎక్కమన్నారు. ఇంజనును ప్రేమించి మనిషిని మరచిన కంపెనీలు ఒక్కొక్కటే మూతపడడమో, చేతులు మారడమో జరిగింది.

లండన్ నుంచి టెహరాన్‌కు

ఇక అసలు సాహసం. 1967 జూన్‌లో యుద్ధం వల్ల సూయజ్ కాలువ మూతపడింది. 1975 జూన్ దాకా తెరవలేదు. యూరప్ నుంచి ఇరాన్‌కో, గల్ఫ్ దేశాలకో వెళ్ళే ఓడలు ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలసి వచ్చింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి ఆ దేశాల చేతిలో డబ్బు ఆడింది. యంత్రాలు, పైపులు, శీతలీకరణ పరికరాలు అన్నీ వెంటనే కావాలి. రేవుల్లో చోటు చాలక ఓడలు వారాలు, నెలల తరబడి లంగరు వేసుకొని నిలబడ్డాయి. అప్పుడు లారీలు కదిలాయి. అంతకుముందే 1964లో ఇద్దరు బ్రిటిష్ వ్యక్తులు ఒక లారీలో సరుకు వేసుకొని లండన్ నుంచి కాబూల్ దాకా వెళ్ళి దారి ఉందని చూపించారు.

లండన్ నుంచి టెహరాన్‌కు రోడ్డు మీద 5 వేల కిలోమీటర్లు పైనే. కన్యాకుమారి నుంచి మన హైదరాబాదు మీదుగా శ్రీనగర్ వెళ్ళినా 4 వేలు లేదు! జర్మనీ, ఆస్ట్రియా, అప్పటి యుగోస్లావియా, బల్గేరియా దాటి టర్కీలోకి. ఇస్తాంబుల్ దగ్గర బాస్ఫరస్ జలసంధి. 1973 అక్టోబరులో అక్కడ వంతెన తెరిచేదాకా లారీలను పడవల మీద ఎక్కించి ఆసియా ఒడ్డుకు చేర్చేవారు.

ఇన్ని సరిహద్దుల్లో ప్రతిచోటా సరుకు దించి చూపించాలంటే ప్రయాణం తెమిలేదేనా? దీనికొక చక్కని ఉపాయం కనిపెట్టారు. 1949లో కొన్ని యూరప్ దేశాలతో మొదలై, 1959లో అంతర్జాతీయ ఒడంబడికగా మారిన ఆ ఏర్పాటు పేరు ‘టి.ఐ.ఆర్.’. బయలుదేరే ఊళ్ళోనే కస్టమ్స్ అధికారులు సరుకు చూసి, టార్పాలిన్ కన్నాలన్నిటి గుండా ఒకే తాడు పోనిచ్చి, రెండు కొసలూ కలిపి సీలు వేస్తారు. దారిలో ఉన్న దేశాలు సీలు చెడలేదని చూసుకొని వదిలేస్తాయి. లారీ ముందు నీలిరంగు పలక మీద తెల్లటి ఆ మూడక్షరాలు ఉంటాయి. మన దేశం కూడా 2017లో ఈ ఒడంబడికలో చేరింది.

కాగితాల చిక్కు తీరింది గాని కొండల చిక్కు తీరేదెలా? తూర్పు టర్కీలో రెండు వేల మీటర్లు మించిన కనుమలున్నాయి. శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 30 డిగ్రీల దాకా పడిపోతుంది. డీజిల్‌లో కొద్దిగా మైనపు పదార్థం కరిగి ఉంటుంది. చలికి అది గడ్డకట్టి వడపోత గుడ్డను మూసేస్తుంది. ఇంజను ఆగిపోతుంది. ఇంజను ఆగితే హీటరూ ఆగుతుంది. నిర్మానుష్యమైన మంచులో హీటరు ఆగిందంటే ఇక ప్రాణం మీదికి వచ్చినట్టే. డ్రైవర్లు తప్పనిసరై ఆయిల్ టాంకు కింద చిన్న మంట పెట్టి డీజిల్‌ను కరిగించుకొనేవారు. (మీరు ఎక్కడా ఇలాంటి పని చేయకండి!) బ్రేకులకు వాడే గాలిలోని తేమ గొట్టాల్లో నీరయి, ఆ నీరు మంచయి దారి మూసేసేది. అందుకని ఆ గాలిలోకి ఆల్కహాలు ఆవిరి పంపేవారు. అది నీటిని గడ్డకట్టనివ్వదు.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. ఇప్పుడొక లెక్క చేద్దాం. 38 టన్నుల లారీ 500 మీటర్ల ఎత్తు నుంచి దిగింది. ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు మూడూ గుణిస్తే పోయిన స్థితిజ శక్తి వస్తుంది. 38,000 × 9.8 × 500. అంటే 18 కోట్ల 62 లక్షల జౌళ్ళు. వేగం పెరగకూడదంటే ఈ శక్తిలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారాలి. ఎంత వేడి? 30 డిగ్రీలున్న సుమారు 635 లీటర్ల నీటిని మరిగే దాకా తీసుకుపోయేటంత! ఇంత వేడికి బ్రేకు డ్రమ్ములు వ్యాకోచిస్తాయి, లైనింగులు పట్టు కోల్పోతాయి. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. అందుకే అనుభవమున్న డ్రైవరు ఎక్కిన గేరులోనే దిగుతాడు. పొగ గొట్టంలో ఒక మూత మూసి, ఇంజను తన పొగను తానే నొక్కుకుంటూ బండిని పట్టి ఉంచేలా చేసే ‘ఎగ్జాస్ట్ బ్రేకు’ కూడా దీనికోసం వచ్చిందే. ఆ కనుమల కింద లోయల్లో పడి ఉన్న లారీల అస్థిపంజరాలను చూస్తూ వెళ్ళేవారమని ఆ దారి తెలిసినవాళ్ళు చెబుతారు.

కాలువ తెరుచుకుంది. రేవులు పెద్దవయ్యాయి. 1979లో ఇరాన్‌లో విప్లవం, 1980లో ఇరాక్‌తో యుద్ధం, 1991లో గల్ఫ్ యుద్ధం, అదే ఏడు యుగోస్లావియా ముక్కలు కావడం. దారి ఒక్కొక్క చోటే తెగిపోయింది.

నిద్రకు కొలబద్ద

ఒక్క సంగతి చెప్పకుండా ముగించలేను. దూరం పెరిగేకొద్దీ అలసేది ఇంజను కాదు, మనిషి. యూరప్ ఆర్థిక సమాజం 1969లో లారీ డ్రైవరు రోజుకు ఎన్ని గంటలు నడపవచ్చో నిబంధన చేసింది. 1970లో దాన్ని కొలిచే పరికరాన్ని తప్పనిసరి చేసే నిబంధన తెచ్చింది. దాని పేరు టాకోగ్రాఫ్. 24 గంటలకొకసారి చుట్టు తిరిగే గుండ్రటి కాగితం మీద సూది వేగాన్ని, దూరాన్ని, ఆగిన సమయాన్ని గీతలుగా గీస్తుంది. బ్రిటన్‌లో డ్రైవర్లు ‘క్యాబిన్‌లో గూఢచారి’ అని దాన్ని తిట్టారు. ప్రభుత్వమూ తాత్సారం చేసింది. చివరికి 1979లో యూరప్ న్యాయస్థానం తీర్పు చెబితేగాని అమలు కాలేదు. ఇప్పుడక్కడ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి. మామూలుగా రోజుకు 9 గంటలు మించరాదు.

నిజానికి మన దేశంలో 1961లోనే చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48. యూరప్ ఆర్థిక సమాజం కంటే ముందే! కాని అది అయిదుగురు అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలున్న యజమానులే మన దగ్గర ఎక్కువ కదా. పైగా కొలిచే సూది ఏదీ?

మా బడిలో చదివిన ఒకడు ఇప్పుడు బొగ్గు గనిలో వోల్వో టిప్పరు నడుపుతున్నాడు. అంతకుముందు పదేళ్ళు విశాఖపట్నం-రాయపూరు దారిలో మామూలు లారీ తోలాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు బండ్లకూ తేడా ఏమిట్రా అని అడిగాను. టర్బో గురించో, గేర్ల గురించో చెబుతాడని ఎదురుచూశాను. “పాత బండిలో వేసవి పగలు క్యాబిన్‌లో కూర్చుంటే కాళ్ళు కాలేవి మాష్టారూ, బండి దిగాక నిద్ర పట్టేది కాదు. ఇందులో ఏసీ ఉంది. ఇంటికెళ్ళి నిద్రపోతున్నాను” అన్నాడు. 2025 నుంచి మన దేశంలో తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ ఉండాలని నిబంధన వచ్చిందని వాడికి చెప్పాను. తను తోలిన ఆ పాత లారీ ఇంకా తిరుగుతూనే ఉందని, దాని మీద ఇప్పుడు తన తమ్ముడు ఉన్నాడని వాడు చెప్పాడు.